ఎదురుగాలి మంగళవారం

హార్లింగెన్ రేవు దాటగానే
సముద్రపు కట్ట మీద మొదటి గేటు,
గొర్రెలు దాటిపోకుండా పెట్టిన ఇనప గేటు.
ముందున్నవాళ్లు దిగి తెరవాలి,
వెనకున్నవాళ్లు మూసి రావాలి.
మంగళవారాలకు మేం పెట్టుకున్న నియమం ఇదొక్కటే.

నలుగురం.
బతికి బట్టకట్టడమంటే ఏమిటో
మమ్మల్ని చూస్తే తెలుస్తుంది:
నారింజరంగు జెర్సీలు,
వాటి కింద ఎవరి కుట్లు వాళ్లవి.
నా జెర్సీ ఎడమవైపు చదును.
మొదట్లో అక్కడ చేతిరుమాలు కుక్కుకునేదాన్ని.
ఒకరోజు చెమట కళ్లల్లోకి కారుతుంటే
అది లాగి మొహం తుడుచుకున్నాను.
మళ్లీ పెట్టలేదు.

హిల్త్యే పేగు అడుగున్నర తక్కువ.
"బరువు తగ్గించి పంపారు, ఇక కొండలెక్కడం తేలిక" అంటుంది
కొండన్నదే లేని ఈ నేల మీద.
ఇక్కడ ఎక్కాల్సింది గాలినే.
ఏప్రిల్లో ఈశాన్యం నుంచి వస్తుంది,
ఉప్పుతో, ఇసకతో,
పాత బాకీ వసూలుకొచ్చినవాడిలా.

సాఫీ మొగదిషులో పుట్టింది.
ఆఖరి కీమో అయ్యాక, యాభై రెండో ఏట
మార్కెట్ వెనక ఖాళీ జాగాలో సైకిలు నేర్చుకుంది.
పేరు మాత్రమే సాఫీ,
తొక్కుడంతా వంకరటింకర.
గొర్రె ఎదురైతే ముందు క్షమించమంటుంది,
తర్వాత బ్రేకు వేస్తుంది.

వీబె ముప్పై ఒక్క ఏళ్లు
పడవల కోసం వంతెన ఎత్తినవాడు.
గొంతు తీసేశారు.
మెడ కింద కోటు గుండీ అంత రంధ్రం,
దాని మీద పలచని గుడ్డ.
ఊపిరి అక్కణ్ణించి,
మాట హ్యాండిల్ మీది బెల్లు నుంచి.
ఒక్కసారి మోగిస్తే గొర్రెలు.
రెండుసార్లు, ఆగండి.
మూడుసార్లు, కాఫీ.
ఆపకుండా మోగిస్తుంటే
నవ్వుతున్నాడని.

నేను మొదటిసారి సైకిలు బయటికి తీసినప్పుడు
వీధి చివర తపాలా పెట్టె దాకానే లక్ష్యం.
నెత్తిన ఒక్క వెంట్రుక లేదు,
హెల్మెట్ జారి కళ్ల మీద పడేది.
పక్కింటి చేర్డ్, ఐదేళ్లవాడు,
పక్కచక్రాలు తీయించుకుని వారమైంది,
పందెమన్నాడు.
ఓడిపోయాను.
వాడు వెనక్కొచ్చి నా పక్కన కాలు ఆనించి
"పర్లేదు, నీకూ అలవాటవుతుంది" అన్నాడు.
డాక్టర్లెవరూ నాకు ఆ మాట
అంత నమ్మకంగా చెప్పలేదు.

నిన్న లేవార్డెన్‌లో స్కాన్.
ఫలితం గురువారం.
ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.
కాని రెండో గేటు దగ్గర
నా చేతులు గడియతో పేచీ పడుతుంటే
హిల్త్యే చూసింది.
చూసి, తన గ్లవ్స్ సర్దుకుంది.

గాలి ముందువరసలో వీబెని మేం ఉండనివ్వం.
మెడలోకి సూటిగా కొడుతుందని.
ఇవాళ మాట వినలేదు.
కండువా రెండు చుట్లు బిగించి
నన్ను దాటి, నా ముందుకొచ్చి,
తలుపులాంటి వీపు నిలబెట్టాడు.
ఒక్కసారిగా చెవుల్లో హోరు ఆగింది.
నా గొలుసు చప్పుడు నాకు వినపడింది.
అప్పుడు బెల్లు మోగించాడు.
నాలుగుసార్లు.
నాలుగుకి మేం ఏ అర్థమూ పెట్టుకోలేదు.
కట్ట మీద గొర్రెలూ లేవు.
నేను అడగలేదు. అతని వెనకచక్రం చూస్తూ
తొక్కుతూ పోయాను.

నల్లపుంజు అని పిలిచే మలుపు దగ్గర
కాఫీ తాగి, వెనక్కి తిరిగాం.
అంతే, అంతసేపూ తిట్టుకున్న గాలి
వెనకనుంచి అరచెయ్యి వేసింది.
పెడల్ మీద పాదాలు ఊరికే ఉన్నాయి,
సైకిలు పోతూనే ఉంది.
సాఫీ ఏదో సోమాలీ పాట ఎత్తుకుంది,
హిల్త్యే రెండు కాళ్లూ బారచాపి
గొర్రెపెంట మీదుగా దూసుకుపోయింది,
అరవై నాలుగేళ్ల మనిషి,
నోరంతా తెరిచి.
వీబె బెల్లు ఆగలేదు.
బురదమేటల మీది పక్షులన్నీ ఒక్కపెట్టున లేచాయి.
నేను అరిచాను. ఏమని అరిచానో తెలీదు.
ఎడమవైపు కుట్టు కింద కూడా
గుండె కొట్టుకోవడం తెలిసింది.

ఆఖరి గేటు దగ్గర
వెనకున్నది నేనే.
మూశాను. గడియ పడిందో లేదో
మళ్లీ ఒకసారి చూశాను.

టైర్ల గాడుల్లో పెంట ఎండిపోతోంది.
రేపు పుల్లతో గీకి, వేణ్నీళ్లతో కడగాలి,
ఒక్కో గాడీ, ఓపిగ్గా.
బుధవారానికి ఆ పని చాలు.